చెల్క నేలల్లో జీవన ఎరువులు: ఎక్కడ పనిచేస్తాయి, ఎక్కడ చేయవు?

క్లుప్తంగా

జీవన ఎరువు ప్యాకెట్‌లో ఉండేవి పోషకాలను మొక్కకు అందేలా చేసే ప్రాణులు. అందుకే పిండి సంచిలా ఎక్కడ చల్లినా ఒకే ఫలితం రాదు. నల్లగొండ, ఉమ్మడి పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాల్లో వీటికి మంచి అవకాశం ఉన్నది శనగ, కంది, వేరుశనగ (అందులోనూ వాటిని కొత్తగా వేసే భూముల్లో), బత్తాయి పంటల్లో. వరి, పత్తిలో వీటి పాత్ర చిన్నది. కర్బనం పడిపోయిన చెల్కలో (ఎర్ర ఇసుక నేలలో) ముందు ఈ ప్రాణులకు తిండి, తేమ సమకూరాలి. రసాయన ఎరువును ఇవి కొంత తగ్గించగలవు, పూర్తిగా మాన్పించలేవు.

ఈ ప్రశ్న ఇప్పుడెందుకు?

2025 వానాకాలంలో తెలంగాణ అంతటా రైతులు యూరియా కోసం సొసైటీల ముందు బారులు తీరారు. నిలబడలేక చెప్పులు, పాస్‌బుక్కులు వరుసలో పెట్టి చెట్టు నీడన కూర్చున్నారు. సంచి దొరకనప్పుడు ప్రత్యామ్నాయాల గురించి మాట మొదలవడం సహజమే. ఆ మాటతో పాటు గందరగోళం కూడా వచ్చింది. దుకాణంలో 'బయో' అని రాసి ఉన్న ప్రతి డబ్బానూ చాలామంది జీవన ఎరువు కిందే లెక్కేస్తున్నారు.

ఆ డబ్బాల్లో ఉండే సరుకు ఒక్కటి కాదు. రైజోబియం, అజోస్పైరిల్లం, అజటోబాక్టర్, పీఎస్‌బీ అని రైతులు పిలిచే ఫాస్ఫోబాక్టీరియా, వేళ్లతో కలిసి బతికే వామ్ శిలీంధ్రం... ఇవి జీవన ఎరువులు. ట్రైకోడెర్మా, సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ ప్రధానంగా తెగుళ్లను అదుపు చేయడానికి వాడేవి. హ్యూమిక్ ఆమ్లం, సముద్రపు నాచు రసం పెరుగుదలకు తోడ్పడే పదార్థాలు, వాటిలో సూక్ష్మజీవుల పని ఉండదు. నానో యూరియా రసాయన ఎరువే, రూపం మాత్రం మారింది. జీవామృతం మరో కోవకు చెందుతుంది. పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు మట్టి కలిపి పులియబెడితే అందులో రకరకాల సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఏవి పెరిగాయి, ఎన్ని పెరిగాయి అన్నది ఒక్కో డ్రమ్ములో ఒక్కోలా ఉంటుంది. ఈ తేడాలు తెలియక ఒకదాని ఫలితం చూసి మరోదాన్ని మెచ్చుకోవడమో, తిట్టుకోవడమో జరుగుతోంది.

గాలిలో నత్రజని, వేరులో వంటశాల

గాలిలో 78 శాతం నత్రజనే. కానీ దాని అణువులోని రెండు పరమాణువులు ఎంత గట్టిగా పెనవేసుకుని ఉంటాయంటే, మొక్క దాన్ని నేరుగా వాడుకోలేదు. రామగుండం లాంటి యూరియా కర్మాగారాల్లో ఆ బంధాన్ని విడగొట్టడానికి సహజవాయువు, 400 డిగ్రీలకు పైబడిన వేడి, మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి వంద రెట్లు మించిన ఒత్తిడి కావాలి. రైజోబియం అదే పనిని మామూలు నేల వేడిమిలో, నైట్రోజినేజ్ అనే ఎంజైముతో చేస్తుంది. పప్పుజాతి మొక్కల వేళ్ల మీది బుడిపెల్లో ఈ బాక్టీరియా ఉంటుందని 1888లో డచ్ శాస్త్రవేత్త బైజెరింక్ దాన్ని వేరుచేసి చూపాడు. ఆ తర్వాత పదేళ్లలోపే జర్మనీలో రైజోబియం కల్చర్‌ను (పెంచిన బాక్టీరియాను) సీసాల్లో అమ్మడం మొదలైంది. కాబట్టి జీవన ఎరువు నిన్న మొన్నటి ఆవిష్కరణ ఏమీ కాదు.

నైట్రోజినేజ్‌కు ఆక్సిజన్ పడదు. బాక్టీరియా బతకడానికేమో ఆక్సిజన్ కావాలి. ఈ చిక్కును విప్పేది బుడిపె లోపలి లెగ్‌హీమోగ్లోబిన్. మన రక్తంలోని ఎర్ర పదార్థానికి ఇది బంధువు, ఆక్సిజన్‌ను కొలిచినట్టు కొంచెం కొంచెంగా అందిస్తుంది. బుడిపెను గోటితో చీల్చినప్పుడు లోపల గులాబీ రంగు కనిపించేది దీనివల్లే. తెల్లగానో పచ్చగానో ఉంటే ఆ బుడిపె పని చేయడం లేదని అర్థం. రైతు ల్యాబ్‌కు వెళ్లకుండా పొలంలోనే చేసుకోగల పరీక్ష ఇది. దీని ప్రస్తావన మళ్లీ వస్తుంది.

ఈ సహవాసంలో మొక్క ఊరికే తీసుకోదు. తన ఆకుల్లో తయారైన చక్కెరను బుడిపెకు పంపి, బదులుగా నత్రజని తీసుకుంటుంది. నేలలో యూరియా దండిగా దొరికితే మొక్క ఆ ఖర్చు పెట్టదు, బుడిపెలు తగ్గిపోతాయి. కందికి, వేరుశనగకు రైజోబియం పట్టించి, పైన సంచుల కొద్దీ యూరియా వేస్తే రెండూ వృథా అయ్యేది అందుకే. విత్తేటప్పుడు వేసే కొద్దిపాటి నత్రజని మొలకను నిలబెట్టడానికి సరిపోతుంది.

ఏ పంటకు ఏ రకం?

అన్ని పప్పుజాతి పంటలకూ ఒకే రైజోబియం పనికిరాదు. కంది, వేరుశనగ, పెసర, అలసంద ఒక గుంపు బాక్టీరియాతో కలుస్తాయి. శనగకు కావలసింది వేరే రకం. సోయాకు ఇంకో రకం. తేడా ఇక్కడే వస్తుంది. పాలమూరు చెల్కల్లో కంది, అలసంద, పెసర తరతరాలుగా పండుతున్నవే. జొన్నలో కంది సాళ్లు వేయడం ఇక్కడి పాత పద్ధతి. అలాంటి నేలల్లో ఆ గుంపు బాక్టీరియా ముందే కాపురముంటుంది. ప్యాకెట్ కలిపినా, కలపకపోయినా బుడిపెలు వస్తాయి. పట్టించిన రకం స్థానికంగా ఉన్నవాటితో పోటీ పడి గెలిస్తేనే తేడా కనిపిస్తుంది. చాలాచోట్ల అది గెలవదు.

కొత్తగా పప్పుజాతి వేస్తున్న భూమిలో కథ మారుతుంది. ఏళ్లుగా వరి లేదా పత్తే సాగైన మడిలో తొలిసారి శనగ వేస్తే, ఆ మట్టిలో శనగకు సరిపోయే రైజోబియం దాదాపు ఉండదు. అలంపూర్ వైపు రేగడి నేలల్లో ఏటా శనగ పండే చోట లేని అవసరం, కొత్తగా శనగ వేసే చోట గట్టిగా ఉంటుంది. "పక్కూరి వాళ్లకు పనిచేసింది, మాకు చేయలేదు" అనే మాట వెనుక చాలాసార్లు ఉండే కారణం ఇదే. ప్యాకెట్ నకిలీదని తేల్చేముందు పొలం పాత పంటల చరిత్ర చూడాలి.

పోయిన కొన్ని దశాబ్దాల్లో ఇక్కడ ఆముదం, జొన్న, కంది తగ్గాయి. పత్తి వచ్చింది. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతల కింద వరి పెరిగింది. పప్పుజాతి పంట తప్పుకున్న చోట దాని బాక్టీరియా కూడా నెమ్మదిగా పలచబడుతుంది. అందుకే ఒకప్పుడు అవసరం లేని చోట ఇకముందు రైజోబియం అవసరం రావచ్చు.

ప్యాకెట్ లెక్క

ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి జీవన ఎరువులు 2006లో వచ్చాయి. దాని ప్రకారం పొడి రూపంలోని రైజోబియంలో గ్రాముకు కనీసం 5 కోట్ల బతికున్న కణాలు ఉండాలి. 200 గ్రాముల ప్యాకెట్ అంటే 1000 కోట్లు. వినడానికి పెద్ద సంఖ్యే.

ఎకరా పొలంలో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 9 లక్షల కిలోలు. గ్రాము మట్టిలో అన్ని రకాలూ కలిపి బాక్టీరియా 10 కోట్లు ఉన్నాయనుకుందాం. ప్యాకెట్‌ను పొలమంతా చల్లితే గ్రాము మట్టికి దక్కేది పదకొండు కణాలు. పది కోట్ల మంది జాతరలో పదకొండు మంది కొత్తవాళ్లు దిగినట్టు. ఆ పదకొండూ ఎండకు ఎండి, మిగతావాటి నోటికి చిక్కి, తిండి దొరక్క ఎన్నాళ్లుంటాయో ఊహించవచ్చు.

అదే ప్యాకెట్‌ను విత్తనానికి పట్టిస్తే లెక్క తిరగబడుతుంది. ఎకరాకు రెండున్నర కిలోల కందులు అంటే ఇంచుమించు 25 వేల గింజలు. ఒక్కో గింజ మీద 4 లక్షల కణాలు కూర్చుంటాయి. మొలక వేరు బయటికొచ్చిన క్షణం నుంచే అవి దాని పక్కన ఉంటాయి. విత్తనశుద్ధికి ఇంత ప్రాధాన్యం ఎందుకో ఈ రెండు అంకెలే చెబుతాయి.

వేరుశనగ దగ్గర ఒక ఇబ్బంది ఉంది. ఎకరాకు 60 కిలోల గింజ వేస్తే అవి లక్షన్నర దాకా ఉంటాయి. ఒక్క ప్యాకెట్‌తో గింజకు 70 వేల కణాలు కూడా రావు. 8-10 కిలోల విత్తనానికి ఒక 200 గ్రాముల ప్యాకెట్ అనే సిఫారసు ఇందుకే. పైగా పల్లి గింజ పొట్టు పలుచన. బెల్లం నీళ్లు ఎక్కువై, చేత్తో గట్టిగా కలిపితే పొట్టు ఊడి మొలక దెబ్బతింటుంది. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు యాసంగి పల్లి వేసే రైతులు చాలామంది విత్తనశుద్ధికి వెనకాడటానికి ఈ భయమూ ఒక కారణం. ఆ భయం తప్పు కాదు. కొద్దిపాటి జిగురుతో మెల్లగా పట్టించి నీడలో ఆరబెట్టడం ఒక దారి. బాగా చివికిన పెంటలో (పశువుల ఎరువులో) కల్చర్ కలిపి విత్తే సాలులో పడేలా వేయడం మరో దారి.

శిలీంధ్రనాశిని, పురుగుమందు కూడా పట్టించాల్సి ఉంటే వరుస తప్పకూడదు. ముందు శిలీంధ్రనాశిని, తర్వాత పురుగుమందు, కనీసం ఒక రోజు ఆగి చివరగా రైజోబియం. ఒకే గిన్నెలో మూడూ కలిపితే మందు పురుగు కంటే ముందు మనం కొనుక్కున్న బాక్టీరియానే చంపుతుంది.

వేడి

ఈ ప్రాంతంలో జీవన ఎరువుకు పెద్ద శత్రువు వేడి. వానాకాలం విత్తనాల కోసం ప్యాకెట్లు ఊళ్లకు చేరేది మే, జూన్ నెలల్లో. అప్పుడు నల్లగొండలో పగటి ఎండ 44 డిగ్రీలు దాటిన రోజులుంటాయి. లారీ టాపు కింద, రేకుల గోదాంలో వేడి అంతకన్నా ఎక్కువ. రైజోబియం, అజోస్పైరిల్లం లాంటివి 30 డిగ్రీల లోపు హాయిగా ఉంటాయి. 40 దాటితే వేగంగా చచ్చిపోతాయి. కర్మాగారం గేటు దాటినప్పుడు ప్రమాణాలకు సరిపోయిన ప్యాకెట్, రైతు చేతికి వచ్చేసరికి బాక్టీరియాను కలిపి ఇచ్చే నల్లటి లిగ్నైట్ (బొగ్గు) పొడిగా మాత్రమే మిగలవచ్చు. దానిలో మోసం లేకపోవచ్చు, ప్రాణమూ లేకపోవచ్చు. చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి, అదే అసలు సమస్య. యూరియా గడ్డకడితే కనిపిస్తుంది, ఈ చావు కనిపించదు.

ద్రవరూప జీవన ఎరువులకు ఆదరణ పెరగడానికి కారణం ఇదే. వాటిలో మిల్లీలీటరుకు కనీసం 10 కోట్ల కణాలు ఉండాలన్నది నిబంధన. బాక్టీరియాను కాపాడే పదార్థాలు కలుపుతారు కాబట్టి పొడి కంటే ఎక్కువ కాలం నిలుస్తాయి. అయినా ఎండలో పెట్టిన సీసాకు ఆ రక్షణ పనిచేయదు. కొనేటప్పుడు తయారీ తేదీ, గడువు తేదీ, ఏ పంటకన్నది, ఏ బాక్టీరియా అన్నది సీసా మీద చూడటం తప్పనిసరి. దుకాణదారు దాన్ని ఎక్కడ నిల్వ పెట్టాడన్నది కూడా అంతే ముఖ్యం.

భాస్వరం: ఉన్నా అందదు

డీఏపీలోని భాస్వరంలో వేసిన ఏడాది పంటకు చేరేది సాధారణంగా ఐదో వంతు లోపే. మిగతాది ఎక్కడికీ పోదు, మట్టిలోనే బిగుసుకుంటుంది. ఎర్ర చెల్కల్లో ఇనుము, అల్యూమినియంతో, రేగడిలో సున్నంతో కలిసి కరగని రూపంలోకి మారుతుంది. ఏళ్ల తరబడి డీఏపీ పడిన భూముల్లో భాస్వరం నిల్వలు పేరుకుపోయాయని, దాన్ని తగ్గించి ఫాస్ఫోబాక్టీరియా వాడాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతున్నది ఈ లెక్కతోనే.

బాసిల్లస్ మెగాటీరియం, సూడోమోనాస్ స్ట్రయేటా లాంటి ఈ బాక్టీరియా సేంద్రియ ఆమ్లాలను వదిలి, సున్నంతో బిగిసిన భాస్వరాన్ని కరిగిస్తాయి. ప్రయోగశాల పాత్రలో ఈ పని చక్కగా కనిపిస్తుంది. పొలంలో రెండు అడ్డంకులున్నాయి. సున్నం మరీ ఎక్కువున్న రేగడిలో అవి వదిలిన ఆమ్లాన్ని సున్నమే తాగేస్తుంది, ఫలితం తగ్గుతుంది. రెండోది, ఆమ్లం తయారు చేయడానికి వాటికి చక్కెరలు కావాలి. రైజోబియానికి మొక్క తిండి పెడుతుంది. ఫాస్ఫోబాక్టీరియా మాత్రం వేరు స్రవించే కొద్ది రసం మీద, మట్టిలో చివికే పదార్థం మీద బతకాలి. వట్టి చెల్కలో ఇవి ఆకలితోనే ఉంటాయి. రెండు కిలోల కల్చర్‌ను వంద, రెండు వందల కిలోల పెంటలో కలిపి వేయమనడంలోని అర్థం అదే, పెంట వాటికి దారి బత్తెం.

బత్తాయి తోటలో దారాల వల

నల్లగొండ అనగానే బత్తాయి గుర్తొస్తుంది. జీవన ఎరువుల చర్చలో మాత్రం దాని ఊసు తక్కువ. అలా ఉండకూడదు, ఎందుకంటే నిమ్మజాతి వేళ్లకు నూగువేళ్లు చాలా తక్కువ. భాస్వరం, జింకు మట్టిలో కదలవు. వేరు తన చుట్టూ ఉన్నది తీసేసుకున్నాక కొన్ని మిల్లీమీటర్ల మేర ఖాళీ ఏర్పడుతుంది, అవతల ఉన్నది అందదు. వామ్ శిలీంధ్రం ఒక కొస వేరు కణాల్లో ఉంచి, రెండో కొసను సన్నని దారాలుగా ఆ ఖాళీ దాటించి మట్టిలోకి పంపుతుంది. వేరు దూరలేని సందుల్లోకి ఆ దారం దూరుతుంది. భాస్వరం, జింకు, కొంత నీటిని తెచ్చి ఇస్తుంది. నిమ్మజాతి మొక్కలు ఈ స్నేహం మీద ఎక్కువగా ఆధారపడతాయి.

ఈ శిలీంధ్రాన్ని బాక్టీరియాలా ట్యాంకుల్లో పెంచడం కుదరదు. బతికున్న వేరు లేకుండా అది పెరగదు. జొన్న, మొక్కజొన్న లాంటి మొక్కల వేళ్ల మీద పెంచి ఆ మట్టిని, వేళ్లను కలిపి అమ్ముతారు. అందుకే దీన్ని మోతాదులో చల్లి వదిలేస్తే ఉపయోగం లేదు, వేరును తాకాలి. నర్సరీ సంచిలోనో, నాటే గుంతలోనో వేస్తే బాగా పనికొస్తుంది. ముదురు తోటలో చెట్టు నీడ అంచున, పీచువేళ్లు ఉండే చోట పెంటతో కలిపి వేయాలి. పాదుల్లో భాస్వరం దండిగా పోసినా, తోటలో తరచూ లోతు దుక్కి చేసినా ఈ దారాల వల తెగిపోతుంది.

వేరుకుళ్లుతో ఎండుతున్న చెట్లకు వామ్ మందు కాదు. అక్కడ వాడేది ట్రైకోడెర్మా, అదీ పెంటలో పెంచి. పాదులో శిలీంధ్రనాశిని పోసి, వారం తిరక్కముందే ట్రైకోడెర్మా వేయడం బత్తాయి తోటల్లో జరిగే పొరపాటు. రెండూ శిలీంధ్రం చుట్టూ తిరిగేవే, ఒకటి చంపుతుంది, రెండోది తానే శిలీంధ్రం.

వరి, పత్తి

నాగార్జునసాగర్ ఎడమ కాల్వ కింద వరి మడుల్లో నీరు నిలిచి ఉండటం వల్ల గాలి తగ్గి వామ్ శిలీంధ్రం నిలదొక్కుకోదు. అక్కడి అవకాశం నీలి ఆకుపచ్చ నాచు, ఆ నాచును తనలో ఉంచుకుని నీటిపై తేలే చిన్న మొక్క అజొల్లా. వరి మడిలో నత్రజని స్థిరీకరణకు ఈ నాచు కారణమని 1939లోనే భారతీయ శాస్త్రవేత్త పి.కె. డే చూపారు. బాగా పెరిగితే హెక్టారుకు 20-30 కిలోల నత్రజని వస్తుందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. కానీ అజొల్లాకు నిలిచిన నీరు, భాస్వరం, మితమైన వేడి కావాలి. యాసంగి చివరి ఎండలకు అది తట్టుకోలేదు. జీలుగ చల్లి 45-50 రోజులకు కలియదున్నడం ఇక్కడ ఎక్కువ నమ్మకమైన పద్ధతి. ఆ జీలుగ వేళ్ల మీద పనిచేసేదీ రైజోబియమే.

పత్తి విత్తనం మందు పట్టించి వస్తుంది కాబట్టి గింజకు కల్చర్ పట్టించడంలో అర్థం లేదు, పెంటతో నేలకు ఇవ్వాలి. అజోస్పైరిల్లం, అజటోబాక్టర్ వల్ల పత్తికి, జొన్నకు వచ్చే మేలు ఎక్కువగా వేరు పెరుగుదలకు తోడ్పడే హార్మోన్ల వల్ల. అవి తెచ్చే నత్రజని చాలా తక్కువ. కారణం మళ్లీ తిండే. ఒక గ్రాము చక్కెర తింటే అజటోబాక్టర్ పట్టేది 10-20 మిల్లీగ్రాముల నత్రజని. అంటే ఎకరాకు పది కిలోల నత్రజని రావాలంటే అది తినాల్సింది 500 నుంచి 1000 కిలోల చక్కెరకు సమానమైన పదార్థం. ఏ చెల్కలోనూ అంత మిగులు ఉండదు. "ఒక సీసాతో యూరియా మానేయండి" అనే ప్రచారాన్ని ఈ ఒక్క లెక్కతో తూచవచ్చు.

సంచి ధర అడ్డుపడుతోంది

45 కిలోల యూరియా సంచి రూ.266.50. అందులో 20.7 కిలోల నత్రజని ఉంటుంది. వరికి ఎకరాకు 48 కిలోలు వేస్తున్నారనుకుంటే, జీవన ఎరువులతో నాలుగో వంతు ఆదా అయినా 12 కిలోలు. రూపాయల్లో దాదాపు 155. దానికోసం కల్చర్ వెతికి, నీడలో ఉంచి, పెంటలో కలిపి, కూలీ పెట్టి వేయడం రైతుకు లాభం అనిపించదు. సబ్సిడీ భారాన్ని ప్రభుత్వం మోస్తోంది కాబట్టి రైతు చేతిలోని లెక్కలో యూరియా ఎప్పుడూ చవకే. సంచి దొరకని రోజున మాత్రమే ఆ లెక్క మారుతుంది.

డీఏపీ వేరు. 50 కిలోల సంచి రూ.1350, అందులో 23 కిలోల భాస్వరం. 24 కిలోల మోతాదులో నాలుగో వంతు తగ్గితే రూ.350 మిగులుతుంది, అదీ ప్రతి పంటకు. ఫాస్ఫోబాక్టీరియాకు, వామ్‌కు రైతుల్లో ఆదరణ పెరగాలంటే ముందుగా పెరిగేది ఇక్కడే. భూసార పరీక్షలో భాస్వరం ఎక్కువని తేలిన పొలానికి ఈ మార్పు వల్ల నష్టభయం కూడా తక్కువ.

ముందు తిండి

మట్టిలో సేంద్రియ కర్బనం 0.5 శాతం కంటే తక్కువైతే దాన్ని తక్కువ కిందే లెక్కిస్తారు. ఏడాదికి 600-750 మిల్లీమీటర్ల వాన, బంకమన్ను తక్కువున్న చెల్క, దుబ్బ, ఏడు నెలల ఎండ కలిస్తే కర్బనం నిలవదు. ఇంట్లో పశువులు తగ్గాయి కాబట్టి పెంటకుప్ప తగ్గింది. కోతమిషన్ వచ్చాక వరి కొయ్యకాళ్లను కాల్చడం పెరిగింది. ఆ మంట పై పొరలోని సూక్ష్మజీవులనూ, వాటి తిండినీ ఒకేసారి తీసుకుపోతుంది. అలా కాల్చిన మడిలోనే మరో నెలకు జీవన ఎరువు చల్లడం చూస్తే బాధ కలుగుతుంది.

ఈ ప్రాంతానికి తెలిసిన పద్ధతుల్లోనే విరుగుడు ఉంది. వేసవిలో గొర్రెల మందను పొలంలో పెట్టించడం పాలమూరు, నల్లగొండ పల్లెల్లో పాత అలవాటు. పేడ, మూత్రం నేరుగా మట్టిలో పడతాయి. చెరువు మట్టి తోలడం మరొకటి. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక పూడిక తీసిన చోట్ల ఆ మట్టి చెల్కలకు చేరింది. అది బంకమన్నును, కొంత కర్బనాన్ని తెచ్చి తేమను నాలుగు రోజులు ఎక్కువ పట్టి ఉంచుతుంది. విత్తిన వారానికి వాన ముఖం చాటేస్తే గింజ మీది బాక్టీరియాను బతికించేది ఆ నాలుగు రోజుల తేమే.

పొలంలో తేల్చుకోవడం

మొదటిసారి వాడేటప్పుడు పొలమంతా ఒకేలా వేయకుండా నాలుగైదు సాళ్లు కల్చర్ లేకుండా వదలాలి. మిగతా పద్ధతులన్నీ రెండు చోట్లా సమానంగా ఉండాలి. 40 రోజులకు రెండు చోట్ల నుంచీ ఐదారు మొక్కలను పారతో మట్టితో సహా పెకలించాలి. చేత్తో లాగితే బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి. వేళ్లను నీటిలో మెల్లగా కడిగి బుడిపెలు లెక్కపెట్టి, కొన్నింటిని చీల్చి చూడాలి.

కల్చర్ వేసిన చోట గులాబీ బుడిపెలు ఎక్కువగా, వేయని చోట తక్కువగా ఉంటే వచ్చే ఏడాదీ కొనవచ్చు. రెండు చోట్లా గులాబీ రంగులో సమానంగా ఉంటే పాత బాక్టీరియానే పని చేస్తోంది. ఆ చెల్కకు రైజోబియం డబ్బును మంద పెట్టించడానికి వాడుకోవచ్చు. రెండు చోట్లా బుడిపెలు లేకపోయినా, తెల్లగా ఉన్నా ప్యాకెట్‌ను మార్చే ముందు వేసిన యూరియా ఎంతో, మడిలో నీళ్లు నిలిచాయేమో, మట్టిలో భాస్వరం ఎంతుందో చూడాలి. పప్పుజాతి పంటకు భాస్వరం చాలకపోయినా బుడిపె కట్టదు. మట్టి నమూనా తీసుకుని పాలెం, కంపాసాగర్ లాంటి దగ్గరి పరిశోధన స్థానానికో, కృషి విజ్ఞాన కేంద్రానికో వెళ్లాల్సిన సందర్భం అది.